గుర్రాన్ని కొనకండి, ట్రయల్ చూడండి!

గుర్రాన్ని కొనేవాడు వట్టి అమాయకుడు! కొన్నవాడికి దక్కేది గుర్రం ఒక్కటే. ట్రయల్ చూసేవాడికో? గుర్రమూ దక్కుతుంది, జేబులో డబ్బు జేబులోనే ఉంటుంది, పైగా "ఏమండోయ్, గుర్రం కొంటున్నారటగా!" అని దారినపోయే ప్రతివాడూ ఆగి పలకరిస్తాడు. ఇంతకన్నా వరం ఏముంటుంది చెప్పండి?

ఇది నేను కనిపెట్టిన శాస్త్రం కాదు. మా కోనసీమలో గేదెను కొనేవాడు మూడు పూటలు పాలు పిండించి చూడందే పలుపు ముట్టుకోడు. నింపాదిగా నెమరేసే గేదెకే మూడు పూటలైతే, పరుగెత్తే గుర్రానికి నాలుగు రోజులైనా ఉండొద్దూ? అది పాలెలాగూ ఇవ్వదు. కాబట్టి పని చేయించి చూడాలి! కళ్ళెం పట్టేముందు కళ్ళు పెట్టి చూడాలి. దౌడు తెలియాలంటే దవడ చూడాలి. జీతం మీద బతికే నాలాంటివాడు జీను మీద కూర్చోవాలంటే వేరే దారేది?

మొన్న వేసవిలో మా అమలాపురానికి ఈ మహద్భాగ్యం కలిగించినవాడు జట్కా సాలమోను. రిక్షాలూ బస్సులూ పెరిగి అతని బండికి బేరాలు తగ్గాయి. ఇంతలో గల్ఫ్ వీసా వచ్చింది. రెండు నెలలు తిరిగేసరికి రాజమండ్రిలో బొంబాయి రైలెక్కాలి. ఈలోగా గుర్రం ఎవరింటికో చేరాలి.

"రేటుదేవుందండి, మీరెంతంటే అంతేనండి. తిండెట్టే ఇల్లయితే సాలండి. ఎవరైనా నాలుగ్రోజులు తీసుకెళ్ళి సూసుకోండి" అన్నాడు.

అనడమేమిటి, ఊరంతా క్యూ కట్టింది!

మొట్టమొదట కొబ్బరి వర్తకుడు జగన్మోహనరావుగారు తీసుకెళ్ళారు. మూడు రోజులు అంబాజీపేటకి కాయ తోలించారు. నాలుగో రోజు తిరిగిచ్చేస్తూ, "గుర్రం బంగారమయ్యా సాలమోనూ! మా గుమ్మమే చిన్నది" అన్నారు. గుమ్మం చిన్నదని మొదటి రోజున తెలియదా అంటారేమో. ట్రయల్ అంటేనే నెమ్మదిగా తెలుసుకోవడం!

తరువాత వేదపండితులు అచ్యుతరామయ్యగారు. అశ్వలక్షణాల మీద శ్లోకాలన్నీ ఆయనకు కంఠస్థం. గుర్రం మాత్రం అపరిచితం. రెండు రోజులు దాని చుట్టూ ప్రదక్షిణం చేసి ఒంటి మీద సుడులు లెక్కపెట్టారు. మూడో రోజు మనవడి ఒడుగు ఊరేగింపుకి వాడుకున్నారు. నాలుగో రోజు ఒక సుడి దక్షిణానికి తిరిగి ఉందని తేల్చారు. ఆయన తలమీది సుడి ఎటు తిరిగిందో చూద్దామంటే, అక్కడ సుడి ఉండవలసిన జుట్టే లేదు!

రాజోలు బంగారరాజుగారు కొడుకుని గుర్రం మీద ఊరేగించి, "పెళ్ళయిపోయిందిగదండీ, ఇంక గుర్రమెందుకు?" అన్నారు. ఇందులో తప్పు పట్టడానికేముంది? పెళ్ళయ్యాక కళ్ళెం కట్టించుకోవడానికి పెళ్ళికొడుకే ఉన్నాడు!

ఇలా పదిమంది చూశారు. తిరిగొచ్చిన ప్రతిసారీ సాలమోనుది ఒకటే పని. గుర్రం పొట్ట కిందనుంచి తోలు పట్టీ తెచ్చి బిగించి, ఎన్నో కన్నంలో పడిందో చూసుకుని, "ఆయ్, మంచిదండి" అనేవాడు. వృత్తి ధర్మం కాబోలనుకున్నాం.

పదకొండోవాణ్ణి నేను. గుర్రంతోపాటు ఒక సంచీ ఉలవలు కూడా ఇచ్చి, "నానబెట్టి రోజూ రెండు పూటలా పెట్టండి" అని చెప్పాడు. మా ఆవిడ కమలాంబకి ఉలవలు కనబడితే ఊరుకోదు. చారు కాచింది. మహాద్భుతం! ఉడికిన గింజలు పారేస్తామా? పోపు పెడితే గుగ్గిళ్ళయ్యాయి. గుర్రం సంగతంటారా? గుర్రం గడ్డి తింటుందని చిన్నప్పటి వాచకంలోనే చదువుకున్నాం. మా పెరటి నిండా గడ్డే! విలువలు తెలిసినవాడికి ఉలవల సంగతి వేరే చెప్పాలా?

ఆ నాలుగు రోజులూ స్వర్గం. బండి కట్టుకుని మురమళ్ళ వెళ్ళి స్వామికి కల్యాణం చేయించాం. కొత్తపేటలో అత్తవారింటి ముందు దిగితే, ఏనాడూ లేవని మా మామగారు అరుగు మీంచి లేచి నిలబడ్డారు. గుర్రం సకిలించింది. నేను ఇకిలించాను.

ఒక్కటే చిన్న చిక్కు. రోజూ పొద్దున్నే నేను పేపరు చదువుతూంటే సాలమోను గేటు దగ్గర సైకిలు దిగేవాడు. లోపలికి రాడు, మర్యాదస్తుడు.

"లీలావతి తిన్నాదాండి?" అని అడిగేవాడు.

"ఆయ్, తిందయ్యా."

"నీళ్ళు తాగిందాండి?"

"ఆయ్!"

అతను తృప్తిగా సైకిలెక్కి వెళ్ళిపోయేవాడు. మా ఆవిడ గుమ్మంలోంచి, "ఎవరండీ ఆ లీలావతి? ఆవిడ తిన్నదో లేదో మీకెలా తెలుసు?" అని నిలదీసింది.

"వాళ్ళావిడ కాబోలు. పాపం, దేశం వదిలి వెళ్తున్న కంగారులో ఏదో అడుగుతున్నాడు. కాదని చిన్నబుచ్చడం దేనికి?" అన్నాను.

మా వైపు మర్యాద అదే మరి. ఎవరేమడిగినా ముందు ఆయ్ అనాలి. ఏమడిగారో తరువాత ఆలోచించుకోవచ్చు!

గురువారం గుర్రాన్ని తిరిగివ్వడానికి వెళ్ళాను. మర్నాడే సాలమోను ప్రయాణం. "గుర్రం లక్షణమైనది, మా ఆవిడకే గుర్రాలు పడవు" అని చెప్పడానికి దారిపొడుగునా సాధన చేశాను. అప్పటికే అక్కడ జగన్మోహనరావుగారూ, బంగారరాజుగారూ ఉన్నారు. ఆఖరి రోజున ఇంకొకసారి ట్రయల్ చూద్దామని వచ్చారట!

సాలమోను పట్టీ బిగించాడు. కన్నం చూశాడు. ఈసారి "మంచిదండి" అనలేదు.

అంతలో ఒకావిడ వచ్చింది. పేరు వీరాయమ్మ. కపిలేశ్వరపురం దగ్గర లంకలో వంకాయలు పండిస్తుంది. అవి సంతకు తోలడానికి ఆవిడకి గుర్రబ్బండి కావాలి. అనుభవజ్ఞుణ్ణి గనక నేనే సలహా ఇచ్చాను.

"తొందరపడకమ్మా. నాలుగు రోజులు తీసుకెళ్ళి ట్రయల్ చూడు."

వీరాయమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "నాలుగ్రోజులుంచుకుని పంపేయడానికి ఇదేమన్నా సుట్టమాండి?" అంది. గుర్రం మెడ మీద చెయ్యి వేసి, "ఏటి తింటదయ్యా ఇది? ఎక్కడ గోకితే ఇష్టం? పేరేటి?" అని అడిగింది.

"లీలావతండి" అన్నాడు సాలమోను.

గుర్రం రెండు చెవులూ అతనివైపు తిప్పింది.

బంగారరాజుగారు ఉండబట్టలేక, "లీలావతంటే మీ ఆవిడ కాదా? నేను రోజూ తిందీ, తిందీ అన్నానే!" అన్నారు.

"మా మరదలనుకున్నానయ్యా... అదే, నీ మరదలు!" అన్నారు జగన్మోహనరావుగారు.

సాలమోను నవ్వాడు. పట్టీ ఎత్తి అందరికీ చూపించాడు.

"మా ఆవిడ పేరు మరియమ్మండి. ఇది లీలావతండి. నా దగ్గరున్నప్పుడు అయిదో కన్నంలో పడేదండి. జగన్మోహనరావుగారి దగ్గర్నించొస్తే చిక్కి ఒక కన్నం తగ్గిందండి. బంగారరాజుగారికీ ఒకటేనండి. మళ్ళీ నేను మేపుకుని అయిదులోకి తెచ్చుకున్నానండి." నావైపు తిరిగి, ఎంతో వినయంగా, "తమరికి రెండండి" అన్నాడు.

చేతిలో ఉన్న ఖాళీ ఉలవల సంచీని నేను వీపు వెనక దాచుకున్నాను!

"మరి అంతమందికి ఎందుకిచ్చావయ్యా?" అన్నాను, ఏదో ఒకటి అనాలి గనక.

"మీరు గుర్రాన్ని సూసుకుంటారు గదండి. నేను ఇళ్ళు సూసుకోవాలి గదండి."

వీరాయమ్మతో బేరం రెండు మాటల్లో తెగింది. పగ్గం పట్టుకుని పది అడుగులు వేసి, ఆవిడ వెనక్కి తిరిగి, "లంకలోకి రండి బాబుగారూ, వంకాయలు పట్టుకెళ్దురుగాని. ట్రయలుకే లెండి!" అంది. లీలావతి మావైపు తిరిగి కూడా చూడలేదు. పదకొండు మందిని ట్రయల్ చూసి, ఒక్కరినీ కొనలేదు!

అయినా నా సిద్ధాంతం నేను వదులుకోలేదు. ట్రయల్ మహా గొప్ప వరం అనే ఈ వ్యాసం మొదలుపెట్టాను. సగం రాశానో లేదో నిన్న గల్ఫ్ నుంచి ఉత్తరం వచ్చింది.

"బాబుగారికి సాలమోను నమస్కారాలు. లీలావతి పట్టీ ఆరో కన్నంలోకి వచ్చిందని వీరాయమ్మగారు రాయించారు. ఇక్కడ నన్ను మూడు నెలలు ట్రయల్ మీద పెట్టుకున్నారండి. పని బాగానే చేయిస్తన్నారు. నచ్చకపోతే పంపేస్తారంట. నా పేరు ఇంకా ఎవరూ అడగలేదండి."

వ్యాసం పక్కన పెట్టి ముందు జవాబు రాశాను. "సాలమోనూ, తిన్నావా?" అని పేరు పెట్టి మరీ మొదలుపెట్టాను.

భయమల్లా ఒక్కటే. అతనూ మా కోనసీమవాడే. తినకపోయినా "ఆయ్" అని రాసేస్తాడు!