పన్నెండో టెంకాయ

మొక్కుకు వడ్డీ ఉంటుందా? ఆరేళ్లుగా ధనంజయను వదలని సందేహం ఇది. కొండమీది స్వామి సంగతి వేరు, ఆయన వడ్డికాసులవాడని అందరికీ తెలుసు. కాణిపాకం వినాయకుడు కూడా ఆలస్యానికి ఏమైనా కలుపుకుంటాడా అన్నదే తేలలేదు. పూజారిని అడగవచ్చు. కానీ అడిగితే, "ఎన్నాళ్లయింది నాయనా నీ మొక్కు?" అని ఆయన ఎదురు అడుగుతాడు.

చిత్తూరులో బెల్లం మండీ నడిపే ధనంజయ, ఫియట్ కారుకు డబ్బు కట్టినప్పుడు, తన పేరు కార్లు ఇచ్చే జాబితాలోకి ఎక్కితే పదకొండు టెంకాయలు కొడతానని మొక్కుకున్నాడు. నెల తిరక్కుండానే పేరు ఎక్కింది. "బస్సులో పోయి కొట్టేదేంది మే? కారు వచ్చినాక కార్లోనే పోదాం" అన్నాడు భార్య జ్ఞానాంబతో. కారు రావడానికి ఆరేళ్లు పట్టింది. ఎనభై నాలుగులో, ఆషాఢం వెళ్లాక, మీగడ రంగు ఫియట్ మద్రాసు నుంచి వచ్చి వాకిట్లో నిలిచింది. కాణిపాకం ఏడు మైళ్లు. మూడు వారాలైనా కారు ఆ వాకిలి దాటలేదు.

అందుకు కారణం, కారు తెచ్చిన డ్రైవరు పోతూ పోతూ అన్న మాట. "రంగు ఇంకా పచ్చిగా ఉండాది సార్. నెల దాకా బాలింత బిడ్డను సూసుకున్నట్టు సూసుకోండి. దుమ్ము పడకూడదు. మైనం పూసి మెత్తటి గుడ్డతో రుద్దండి, మూడు పూతలు."

ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి లేదు. మండీలో బెల్లం కుండలు కడిగిన నీళ్లు పక్కింటి అలివేలమ్మ బర్రె కోసం పెరట్లో ఒక ప్లాస్టిక్ తొట్టిలో పోసి ఉంచేవారు. ధనంజయ ఆ తొట్టిని కారు కడగడానికి లాక్కుని, ఆ నీళ్లను తుప్పుపట్టిన ఇనుప పీపాలో పోశాడు. బర్రె ఆ పీపాలో మూతి పెట్టలేదు. అలివేలమ్మ వచ్చి అరిస్తే, "నీ బర్రె దప్పికతో నాకేం పని? నా కారు మెరవాల!" అని అంతకు రెండింతలు అరిచాడు. మైనం డబ్బాను బీరువాలో వెండి కుంకుమభరిణ పక్కన పెట్టి తాళం వేశాడు. ఎదురింటి జయరావు ఉంగరం ఉన్న చేత్తో కారు తలుపు నిమిరాడని వారం రోజులు అతనితో మాట్లాడలేదు. కాకి రెట్ట వేస్తే కాకులన్నిటినీ కలిపి తిట్టాడు. కారుకు పసుపూ కుంకుమా పెడతానని వచ్చిన జ్ఞానాంబను గడప మీదే ఆపేశాడు.

"పసుపు మరక పోతాదా మే? నీకు బుద్ధుందా?"

"దేవుడికి బాకీపడి దేవుడి పసుపు వద్దంటే ఎట్లా?" అంది ఆమె. ఈ ఆరేళ్లలో ఇంట్లో ఎవరు తుమ్మినా ఆమెకు మొదట గుర్తొచ్చేది ఆ పదకొండు టెంకాయలే.

"మూడో పూత ఆరనీ. వచ్చే వారం పోదాం."

ఇలా అనడం అప్పటికి మూడోసారి. ఆ గురువారం పొద్దున మూడో పూతకు పంచె ఎగ్గట్టి, బీరువా తాళం తీసే లోపలే, మండీ గుమాస్తా ఆదిమూలం సైకిలు మీద రొప్పుతూ వచ్చాడు. "అన్నా, లారీలో బెల్లమంతా రాత్రి దారిలో వానకు తడిసి కారిపోతా ఉండాది!" ధనంజయ లారీనీ, వాననూ, ఆదిమూలాన్నీ వరసగా తిట్టి, పంచె దించి, "కారును ఎవురైనా ముట్టుకున్నారో, చేతులిరుగుతాయి!" అని వాకిలంతటికీ చెప్పి వెళ్లాడు.

అతను వెళ్లిన అరగంటకు కాళహస్తి బస్సు దిగి మామగారు మునిరత్నం వచ్చాడు. నలభై ఏళ్లుగా కలంకారీ బొమ్మలు వేసే చేయి ఆయనది. గోళ్ల సందుల్లో ఎప్పుడూ నలుపే.

"ఏమ్మా, ఈ బండికి ఇంకా గుడి సూపించలేదంటనే?"

"యాడ నాయనా! రంగు పచ్చిగా ఉండాదంట. ఈ రంగు నిలిచేదెప్పుడో, మా మొక్కు తీరేదెప్పుడో."

మునిరత్నం నవ్వాడు. "రంగు నిలిపేదానికి మూడు వారాలా? కరక్కాయ పొడి, బర్రె పాలు, ఒక పూట ఎండ. మా గుడ్డలకు అదేగా పట్టించేది? అది పడితే ఏ రంగూ పక్కకు కదలదు."

"కారును ముట్టుకోవద్దన్నాడు నాయనా."

"ముట్టుకునేది గుడ్డ. నేను కాదు కదా!"

జ్ఞానాంబ ఆలోచించింది. రంగు ఈ పూటే నిలిస్తే, సాయంత్రానికి కాణిపాకంలో ఉండవచ్చు. ఆమె అలివేలమ్మ ఇంటికి పాలకు వెళ్లింది.

ఆమె వచ్చేసరికి మునిరత్నం కారు మీద నీళ్లు చల్లి చూస్తున్నాడు. నీళ్లు ముత్యాల్లా ఉండలు కట్టి జారిపోతున్నాయి. "సూడమ్మా, ఎంత జిడ్డో! ఈ జిడ్డు మీద పాలెట్లా పడతాయి?" అని కుంకుడుకాయలు నానబెట్టి, నురగ తీసి, అల్లుడు మూడు వారాలు రుద్దిన రెండు పూతల మైనాన్నీ అరగంటలో కడిగిపారేశాడు. తొట్టిలో నీళ్లు అయిపోయాయి. కొళాయిలో నీళ్లు అంతకు ముందే ఆగిపోయాయి. ఆ తర్వాత పాలూ కరక్కాయ పొడీ కలిపి, పైకప్పు నుంచి తలుపుల దాకా ఒక్క అంగుళం వదలకుండా అద్దాడు. ఎండ బాగా కాస్తోంది. మునిరత్నం అరుగు మీద కూర్చుని, అల్లుడి ముఖం ఎంత వెలుగుతుందో ఊహించుకుంటూ వక్క నమిలాడు.

పన్నెండింటికి ధనంజయ వచ్చాడు. నాలుగు వందల బెల్లం ముద్దలు కళ్ల ముందే కరిగిపోయిన కోపం అప్పటికే ముక్కు మీద ఉంది. వాకిట్లో ఈగల మోత వినిపించింది. పుల్లటి వాసన కొట్టింది. మీగడ రంగు కారు పసుపుపచ్చగా, గరుగ్గా, పాచి పట్టిన పళ్లలాగా ఉంది.

"ఎవురు? ఎవురు చేసినారు ఈ పని?"

"నేనే అల్లుడా. పాలు, కరక్కాయ. ఇంక దిగుల్లేదు."

"నా మైనమేదీ?"

"ఆ జిడ్డా? పోయేదాకా రుద్దినా. భుజం పడిపోయిందనుకో!"

ధనంజయ కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. ఆ తర్వాత నోరు ఆగలేదు. "నాది కారు మామా, గుడ్డ కాదు! దీని మీద కూడా దేవుళ్ల బొమ్మలు వేస్తావా? పాలు పోసేదానికి ఇదేమన్నా పుట్టా? మే, నీళ్లు! నీళ్లు తే!"

"కొళాయి ఆగిపోయినాది."

"తొట్టిలోవి?"

"నాయన వాడేసినాడు."

అతను పెరట్లోకి పరుగెత్తి, కళ్లకు కనబడిన మొదటి నీళ్లను, అంటే ఇనుప పీపాలోవాటిని, రెండు బకెట్ల నిండా ముంచుకొచ్చాడు. నీళ్ల మీద నురగ తేలుతోంది. గాలి అటు తిరగగానే మునిరత్నం ముక్కుపుటాలు అదిరాయి. ఒక్క ఉదుటున లేచాడు.

"ఆ నీళ్లొద్దు అల్లుడా!"

"నువ్వొక్క మాట మాట్లాడద్దు మామా!"

"అది కాదప్పా, ఆ నీళ్లు..."

"మాట్లాడద్దంటి కదా!"

మొదటి బకెట్ పైకప్పు మీద పడింది. రెండోది ముందుభాగం మీద. నీళ్లు జారిన దారులన్నీ ముందు బూడిదరంగుకు తిరిగాయి, తర్వాత నల్లబడ్డాయి. ధనంజయ పంచె చెంగుతో రుద్దాడు. రుద్దిన చోటల్లా నలుపు ఇంకా వెడల్పయింది. మూడు వారాలు కాపాడిన ఆ నున్నటి రంగు మీద, ఎవరో మసితో జడలు వేసినట్టు చారలు దిగాయి.

"ఏంది మామా ఇది?" అన్నాడు ధనంజయ, నల్లబడిన చెంగు చూసుకుంటూ.

"చెప్పనిస్తివా? ఇనుము, బెల్లం, నీళ్లు. మా ఇంట్లో నలుపు చేసేది ఇట్లనే. కరక్కాయ పట్టిన దాని మీద పడితే పట్టేస్తాది." మునిరత్నం ఒక చారను వేలితో తాకి, ఎండకేసి చూశాడు. "ఎన్నాళ్లు ఊరినాది?"

"మూడు వారాలు" అంది జ్ఞానాంబ.

"అదీ సంగతి. నాకు కూడా ఇంత బాగా కుదరదు" అన్నాడాయన, దాచుకోలేక.

"పోతాదా?"

"గుడ్డ చిరగొచ్చు గానీ, ఈ నలుపు పోదు అల్లుడా."

ధనంజయ ఎవరి మీద విరుచుకుపడాలా అని చుట్టూ చూశాడు. తొట్టి లాక్కున్నది తను. నీళ్లను ఇనుప పీపాలో పోసింది తను. వద్దంటున్నా బకెట్లు ఎత్తింది తను. బర్రెకు కూడా తెలిసింది, తనకు తెలియలేదు. ఎదురింటి అరుగు మీద నుంచి జయరావు, "దిష్టిచుక్క పెట్టాలంటే బుగ్గన చిన్నది పెడితే సాలదా అప్పా!" అన్నాడు. 

అప్పుడు జ్ఞానాంబ పట్టుచీర కట్టుకుని, టెంకాయల బుట్టతో వచ్చి కారు తలుపు తీసింది.

"యాడికి?"

"ఇంక కాపాడేదేముండాది? పదండి."

కాదనడానికి కారణం మిగలక ధనంజయ స్టీరింగు ముందు కూర్చున్నాడు. దారి పొడుగునా దుమ్ము లేచింది. ఒక ఎద్దులబండి కారును రాసుకుంటూ పోయింది. ధనంజయ ఎవరినీ ఏమీ అనలేదు. గుడి ముందు పూజారి పసుపు గిన్నెతో వచ్చి, చారలు చూసి ఆగాడు. "రంగు మీద పెట్టొచ్చునా?"

"దండిగా పెట్టండి సామీ" అన్నాడు ధనంజయ. పెట్టాక చేతులు జోడించి, ఆరేళ్లు ఆలస్యమైనందుకు లెంపలు వేసుకున్నాడు. ఒక్కో టెంకాయ కొడుతుంటే, ఆరేళ్లుగా గుండె మీద ఉన్న బరువు ఒక్కో చిప్పతోనూ తేలికైంది. పదకొండోది సరిగ్గా రెండు ముక్కలైంది. మొక్కు తీరింది.

జ్ఞానాంబ బుట్టలోంచి ఇంకొకటి తీసి అందించింది. "ఇది కూడా కొట్టండి."

"పదకొండు అయినాయి కదా మే?"

"ఇది వడ్డీకి."

ధనంజయ కారు వైపు ఒకసారి చూశాడు.

"ఆయన వడ్డీ ఇంటికాడే పట్టుకున్నాడులే. ఆ కాయ చట్నీకి పెట్టు."