బామ్మర్ది వంతు కూర

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు తొలకరి ముందే పడింది. పెద్దారవీడు పక్క రామసుబ్బయ్యకు చేను ఉంది, ఎద్దులు లేవు. ఎద్దులున్న బామ్మర్ది కాటమరాజు ఆ మధ్యాహ్నానికి గొర్రెల మంద దగ్గర్నుంచి వస్తున్నాడు. నిన్నటి గంగమ్మ కొలుపులో కోసిన పొట్టేలు పులుసుకూరలో అతని వంతు కుండలో ఉంది. వంతు చెడితే అతను అలుగుతాడు. అలిగితే ఎద్దులు రావు. ఈలోగా చేను పదును ఆరిపోతుంది.

తెల్లవారగానే భార్య గురమ్మ కూరను బాగా మరగనిచ్చి, దించి, గడ్డికి బయల్దేరింది.

"చల్లారినాక మూత పెట్టయ్యా. ఇంకేం చెయ్యొద్దు. ఊరికే కూచో."

ఊరికే కూర్చోవడం రామసుబ్బయ్యకు చేతకాదు. ఈగ వాలుతుందేమోనని వేడిమీదే మూత పెట్టాడు.

"ఆవిరి చెమట పట్టి పాడైతాది రా!" అంది తల్లి వెంకటసుబ్బులమ్మ.

మూత తీశాడు. వాసన చూశాడు. బాగానే ఉంది. మళ్లీ చూశాడు. ఈసారి అనుమానం వచ్చింది. ఇంకోసారి మరగబెట్టి, బామ్మర్ది వస్తున్నాడేమోనని బాటదాకా పోయాడు. ఆ సందులో తల్లి కూడా మరగబెట్టింది. కూర అడుగంటింది.

"నువ్వెందుకు ముట్టుకున్నావమ్మా?"

"నువ్వు ముట్టుకున్నట్ల నాకు చెప్పినావా?"

చెంబెడు నీళ్లు పోశాడు. నీళ్లకు సరిపడా కారం వేశాడు. కారానికి తగ్గ ఉప్పు తల్లి వేసింది. ఆ సంగతి తెలియక తనూ వేశాడు. తొందరగా చల్లారాలని మరిగే కుండను చన్నీళ్ల తొట్టిలో దించాడు. కుండ టప్పున పగిలింది. మిగిలిన కూరను చేతికందిన ఇత్తడి గిన్నెలోకి ఒంపాడు.

గడ్డిమోపు దించి గురమ్మ గిన్నెలోకి చూసింది.

"కళాయి పోయిన ఇత్తడిలో పులుపు పోస్తారా ఎవరన్నా? చిలుము దిగదా? ఇది తింటే మా తమ్ముడికి ఎద్దులు కాదు, పాడె కట్టాల!"

"పారబోద్దామా?"

"వంతేదంటే ఏం చెప్తావు?"

అంతలోనే వాకిట్లో కాటమరాజు గొంతు వినిపించింది. "అక్కా! నా వంతు ఉంచినారా?"

రామసుబ్బయ్య గిన్నె చూపించాడు. కాటమరాజు వంగి చూశాడు. అభిమానానికో, కారం ఘాటుకో, అతని కళ్లు చెమర్చాయి.

"ఉంచినారే! అది చాలు. మంద కాడ్నుంచి వస్తా దోర్నాల కొలుపులో మెక్కి మెక్కి కడుపు ఉబ్బింది. నాకింత మజ్జిగన్నం పెట్టక్కా. నా వంతు బావకిస్తున్నా. నా ముందరే తినాల."

"నాకెందుకులే బామ్మర్దీ..."

"ఏంది, నా వంతు నీకు తక్కువైందా?"

రామసుబ్బయ్యకు చేను గుర్తొచ్చింది. కూర్చున్నాడు. మొదటి ముద్దకే చెవులు మూసుకుపోయాయి.

"ఎట్లుంది బావా?"

"శానా... బాగుంది."

"పొద్దున్నే ఎద్దుల్ని తోలుకొస్తా. ముందు గిన్నె ఖాళీ చెయ్యి."

అన్నట్లే తెల్లవారకముందే ఎద్దులు వచ్చాయి. చెంబు పట్టుకుని పోయిన రామసుబ్బయ్య ఇంకా తిరిగి రాలేదు గనక, అరక గురమ్మ కట్టింది.