సెర్చ్ బాక్సు దిగ్విజయము

తెల్లని తెరపై తుదిమొదలు లేక తిరుగుచు, కోటానుకోట్ల మానవుల ఓర్పును పిండి పిప్పిచేయు ఓ లోడింగు చక్రమా! క్షణకాలము ఆగుము. నీవు ఆగిననే గాని ఈ కథ తెరుచుకొనదు. సోమవారమున, మొదటి గంట మ్రోగి, వరండాలలో బూట్ల చప్పుడు సద్దుమణిగి, తడిగుడ్డతో తుడిచిన నేల ఇంకను ఆరక మెరయుచున్న శుభసమయమున, మూడంతస్తుల పాఠశాలా భవనములో, మెట్ల మలుపు దాటిన పిమ్మట కుడిచేతి వైపున నుండు గ్రంథాలయమందు ఒక మహాసంగ్రామమునకు బీజము పడెను. దానిని ఉన్నది ఉన్నట్లు చెప్పెదను. వినుడు.

ఆ గ్రంథాలయమును ఏలుచున్నది ఒక వీరవనిత. బీరువాల బారులకు అధీశ్వరి, చిరిగిన అట్టలకు సంజీవని, బొమ్మలకు పెన్నుతో మీసములు గీయు బాలకులకు సింహస్వప్నము. చూపుడువ్రేలు పెదవులకు ఆనించి ఆమె ‘ఉష్’ అనినచో ఫ్యాను సైతము తిరుగుటకు జంకునని ప్రతీతి. అందుచేత విద్యార్థులు ఆమెకు ‘ఉష్ మేడమ్’ అని బిరుదమిచ్చిరి. ఆ బిరుదము చెవిని పడినను పడనట్లు నటించుట ఆమె గొప్పతనములలో ఒకటి.

అట్టి మహారాణికి కొరత యొక్కటే. రాజ్యమున్నది, ప్రజలు లేరు. ఏ పుస్తకము ఎక్కడ నున్నదో తెలియక, అడుగుదమన్నను ఆ నిశ్శబ్దదుర్గమును భేదించు గుండెదిటవు చాలక, పిల్లలు గుమ్మము వరకు వచ్చి, లోనికి తొంగిచూచి, ఏదో మరచిపోయినవారి వలె నటించుచు వెనుదిరుగుచుండిరి. ఈ సంగతి కనిపెట్టినవాడు వ్యాయామ మాస్టారు. బంతులకును చాపలకును చోటు చాలక అలమటించుచున్న ఆ మహాబలుడు గ్రంథాలయపు గదిపై కన్నువేసి, పలుమారులు వచ్చి, పుస్తకము వంక చూడక, గోడలు కొలుచుకొని పోవుచుండెను.

అంతట ప్రిన్సిపాలు శాసనము వెలువడెను. తల్లిదండ్రుల సమావేశము నాటికి గ్రంథాలయమునకు వెబ్‌సైటు వెలయవలెను. పిల్లలు, ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు అను మూడు లోకములవారును దానిని చూడవలెను. చూచి గ్రంథాలయమునకు వచ్చిరా, సరి. రాలేదా, ఆ గది బంతులపాలు.

విన్న క్షణమున మన నాయిక కుర్చీ విడిచి లేచెను. నేరుగ పోయి కంప్యూటరు మాస్టారిని శరణు వేడెను. ఆయన మౌసుధారి, మితభాషి. ఎవరు ఏ పని చెప్పినను ‘అయిపోతుంది’ అను ఏకైక మంత్రమును జపించువాడు. పేజీ తెరువగనే నడిబొడ్డున ఒక సెర్చ్ బాక్సు ఉండవలెననియు, అందు ఏ మాట కొట్టినను తగిన పుస్తకము ఏ అరలో నున్నదో తెలియవలెననియు, అంతకు మించి తనకు మణులును మాణిక్యములును అక్కరలేదనియు ఆమె విన్నవించెను. ఇదంతయు దేనికని ఆయన అడిగినప్పుడు మాత్రము ఆమె గొంతు కొంత తగ్గెను.

“నన్ను చూస్తే పిల్లలకి భయం మాస్టారూ. ఆ బాక్సుని చూస్తే భయం ఉండదు కదా.”

“అయిపోతుంది మేడమ్,” అనెను మాస్టారు.

సాయంత్రమునకు అయిపోయెను. పాలనురుగు వంటి తెల్లని పేజీ. దాని నడుమ, నిండు కొలనులో ఒంటి తామరవలె, సెర్చ్ బాక్సు. అంతటితో ఆగినచో ఇది వీరగాథ ఎట్లగును? ఆమె మురిసిపోయి ఆ పేజీని స్టాఫ్‌రూములో నలుగురికి చూపెట్టెను. పిల్లికి పాలగిన్నె చూపెట్టినట్లయ్యెను.

ఖాళీ కనబడిన చోటనెల్ల కాలు మోపుట మానవస్వభావము. ఆ ధవళవిశాలమైదానమును చూడగనే వీరులందరికి నోరూరెను. ప్రప్రథమమున ప్రిన్సిపాలు దండెత్తెను. బాలజనహితోపదేశధురంధరుడగు ఆయన, తన సందేశము చదువనిదే ఏ తల్లియు ఏ తండ్రియు గ్రంథాలయ ప్రవేశమునకు అర్హులు కారని వాదించి, మూరెడు సందేశమును, దానిపై తన నిండైన ఛాయాచిత్రమును ప్రతిష్ఠింపజేసెను. చిత్రము బోసిగా నున్నదని తోచి చుట్టును తెల్లపూల అంచు వేయించెను. ఆయన అడుగుజాడలలో తెలుగు మాస్టారు తాను రచించిన స్వాగతపద్యమును పేజీకి అడ్డముగా పరుగులెత్తించెను. సైన్సు మేడమ్ ఒక భూగోళమును తెచ్చి మూలన గిరగిర త్రిప్పెను. గది ఎటులైనను తనదే యగునన్న ధీమాతో వ్యాయామ మాస్టారు ఒక బంతిని ఎగురవేయించెను. ఆ బంతి వెదకి వెదకి అక్షరములపైననే పడుచుండెను. తల్లిదండ్రుల సంఘాధ్యక్షురాలు ఫోనులోనే ఆనతిచ్చి బడిబస్సుల వేళలు పెట్టించెను. ప్రతివారికిని కంప్యూటరు మాస్టారు ‘అయిపోతుంది’ అనెను. అయిపోవుచునే యుండెను.

ఇక సెర్చ్ బాక్సు మాటయో? ఒక్కొక్క దాడికి ఒక్కొక్క మెట్టు దిగి, సందేశము క్రిందికి, పద్యము క్రిందికి, బస్సుల క్రిందికి జారి జారి, పేజీ అట్టడుగున, సర్వహక్కులు తమవే యని చెప్పు చీమతలకాయంత అక్షరముల ప్రక్కన, ఏడ్చి ఏడ్చి నిద్రపోయిన పసిబిడ్డవలె ముడుచుకొని పడియుండెను. నాయిక ఒక్కొక్కరి దగ్గరకు పోయి బ్రతిమాలెను. తనది చిన్నదేననియు, తీయవలసినది ఎదుటివారిదనియు అందరును ఏకకంఠముగ పలికిరి. ఆ పాఠశాలలో వారందరు ఏకాభిప్రాయమునకు వచ్చిన సందర్భము మరియొకటి లేదు.

శనివారము మధ్యాహ్నము ఆమె కడపటి ఆశగా తన ఇంటనే ఒక పరీక్షకు సిద్ధపడెను. సోఫాలో కాళ్లు చాపుకొని కూర్చున్న అత్తగారి చేతికి ఆ పేజీ తెరచిన ఫోనిచ్చి, అందులో ఒక డిటెక్టివు నవలను వెతికిపెట్టుమని కోరెను. ఆ అత్తగారు సామాన్యురాలు కాదు. నవల మొదలుపెట్టకమునుపే చివరి పేజీ చదివి హంతకుని పట్టుకొను సాహసి. నుదుటిపైనున్న కళ్లజోడు కొరకు ఇల్లంతయు గాలించు ధీర. ఆమె జోడు సవరించుకొని, తెరను ముక్కుకు దగ్గరగా తెచ్చుకొని, చూచి, నాలుకతో చప్పరించి, నిట్టూర్చెను.

“పాపం, మంచి మనిషిలాగే ఉన్నాడు. ఎప్పుడు పోయాడమ్మా?”

“ఎవరు అత్తయ్యా?”

“ఈయనే. చుట్టూ పూలు కూడా పెట్టారుగా. కింద ఉన్నవి చివరి మాటలు కాబోలు. ఇంత మాట్లాడాడంటే చాలా ఆయాసపడే ఉంటాడు.”

“ఆయన మా ప్రిన్సిపల్ అత్తయ్యా. నిక్షేపంగా ఉన్నారు.”

అత్తగారు కొంత నిరాశపడినట్లు కనబడెను. మరల తెరను పైకి తోసి, క్రిందికి తోసి, ఎగిరివచ్చిన బంతిని దోమ యనుకొని ఒక దెబ్బ వేసి, కోడలి వంక చూచెను.

“అయితే మరి పుస్తకాలేవి?”

ఆ మూడు మాటలును మూడు వాడిములుకుల వలె నాయిక గుండెలో నాటుకొనెను. అన్నేసి గుర్రములు, అన్నేసి ఏనుగులు కదలివచ్చిన ఆ పేజీపై, పెండ్లికొడుకు లేని పెండ్లివలె, పుస్తకము జాడయే లేదు! ఆమె లేచి నిలిచెను. కొంగు బిగించెను. సోమవారము తాడో పేడో తేల్చుకొందునని వంటగది సాక్షిగా ప్రతిన పూనెను. అత్తగారు టీ పెట్టుటకే లేచినదనుకొని తనకు చక్కెర తగ్గించుమని చెప్పెను.

సోమవారము వచ్చెను. ప్రిన్సిపాలు గదిలో సభ తీరెను. కుర్చీలు చాలక సైన్సు మేడమ్ స్టూలుపై కూర్చుండెను. అందరును వెబ్‌సైటును వేనోళ్ల పొగడుచుండ, ఎవరి వస్తువును వారే పొగడుచుండ, నాయిక లేచెను. 

“సర్, మీ ఫోన్‌లో ఒక్క పుస్తకం వెతికి చూపిస్తారా? మీకు నచ్చిందే.”

అదెంత పని యని ప్రిన్సిపాలు నవ్వి, గులాబీల పెంపకము గురించిన పుస్తకము వెదకెదనని ప్రకటించి, ఫోను తీసెను. అహో, ఆ మహానుభావుని బొటనవ్రేలి యాత్రను ఏమని వర్ణింతును! అది తొలుత తన ఛాయాచిత్రపర్వతమును దాటెను. సందేశసాగరమును ఈదెను. పరుగెత్తు పద్యమునకు దారియిచ్చి, భూగోళమును చుట్టి వచ్చి, బంతి దెబ్బకు తూలి, పొరబాటున ఒక బస్సు నెక్కెను. ఆ బస్సు ఆయనను వేరొక పేజీకి మోసుకొనిపోయెను. వెనుకకు వచ్చినంతనే కథ మొదటికి వచ్చెను. మరల అదే పర్వతము, అదే చిరునవ్వు. రెండవ దండయాత్రయు అట్లే ముగిసెను. మూడవమారు ఆయన నుదుట చెమటపట్టెను, ఓర్పు నశించెను.

“ఎవరండీ ఈ ఫొటో ఇంత పెద్దది, అడ్డంగా పెట్టింది?”

 సైన్సు మేడమ్ పైకప్పును, తెలుగు మాస్టారు తన బూట్లను పరిశీలింపసాగిరి. కంప్యూటరు మాస్టారికి తన మంత్రము పనికిరాని ఘడియ జీవితములో మొదటిసారి ఎదురయ్యెను.

“అది... మీరే సర్.”

“నేనని తెలుస్తూనే ఉంది. పెట్టింది ఎవరని.”

“అది కూడా మీరే సర్.”

ప్రిన్సిపాలు వెనుకకు తగ్గువాడు కాడు. ఛాయాచిత్రము చూచినవారికి పాఠశాలపై గౌరవము కలుగునని సమర్థించుకొని, ఇంటివారికి చూపెట్టితిరా, వారేమనిరని నాయికను నిలదీసెను. అప్పుడామె ముందు నుయ్యి, వెనుక గొయ్యి. నిజము చెప్పినచో కొలువు పోవచ్చును. చెప్పకున్నచో గది పోవును. పుస్తకముల వాసన పీల్చి బ్రతికిన ఆ ప్రాణి గదినే ఎంచుకొనెను.

“మా అత్తయ్యగారు చాలా బాధపడ్డారు సర్.”

“దేనికి?”

“మీరు పోయారనుకుని.”

 ప్రిన్సిపాలు ఫోనును కంటికి దగ్గరగా తెచ్చుకొని తన చిత్రమును, దాని చుట్టునున్న తెల్లపూలను, క్రిందనున్న సుదీర్ఘ వచనమును, పరాయివాని కన్నుతో మొదటిసారి చూచెను. మీసము అదరెను. అది కోపమని అందరును తలచి కుర్చీలలో వెనుకకు జరిగిరి. కాదు, నవ్వు. మొదట ముక్కులో పుట్టి, భుజములకు ప్రాకి, మంచినీళ్లు త్రాగినగాని ఆగనంత నవ్వు.

“ఆ పూలు వద్దని మా ఆవిడ ముందే చెప్పింది,” అనెను ఆయన కళ్లు తుడుచుకొనుచు. “తీసెయ్యండి మాస్టారూ. నన్నూ తీసెయ్యండి.”

సేనాపతి కత్తి దించిన పిమ్మట సైన్యము ఎంతసేపు నిలుచును? సందేశము వేరొక పేజీకి తరలెను. బస్సులు తమ దారిన పోయెను. భూగోళము ఆగెను, లోకమునకేమియు కాలేదు. బంతిని వ్యాయామ మాస్టారే స్వయముగ వెనుకకు తీసికొనెను. తెలుగు మాస్టారొక్కడు మాత్రము కోట తలుపులు మూసికొని కూర్చుండెను. ఎనిమిది పాదముల పద్యమును నాలుగు పాదములకును, నాలుగింటిని ఒకటికిని కుదించి, ఆ ఒక్క పాదమును కాపాడుమని ప్రాధేయపడెను. నాయికకు జాలి కలిగెను. సెర్చ్ బాక్సు లోపల బూడిదరంగు అక్షరములతో కొంత వ్రాయుటకు చోటున్నదనియు, అది మాట కొట్టువాని వ్రేలు తగిలినంతనే మాయమగుననియు, అయినను పేజీలో అందరును అన్నిటికంటె ముందు చదువునది దానినేననియు నచ్చజెప్పెను. తెలుగు మాస్టారు మధ్యాహ్నమంతయు మథనపడి, కొట్టివేతలతో కాగితములు నింపి, తుదకు మూడు మాటలు తెచ్చి యిచ్చెను: ‘ఏ పుస్తకం కావాలి?’ ఆయన జీవితములో అంతకు మించిన రచన చేయలేదని స్టాఫ్‌రూము తీర్పు చెప్పెను.

తల్లిదండ్రుల సమావేశదినమున వెబ్‌సైటు లోకమునకు తెరువబడెను. క్రింద హాలులో ఉపన్యాసములు సాగుచుండ, నాయిక గ్రంథాలయమున ఒంటరిగా కూర్చుండి, ఎవరేమి వెదకుచున్నారో తెలియజేయు కంప్యూటరు తెరపై చూపు నిలిపెను. ఏమియు లేదు. చాలసేపు ఏమియు లేదు. ఆమె అప్పటికే తుడిచిన బల్లను మరల తుడిచెను. తుడుచుచుండగనే తెరపై ఒక వరుస మెరసెను. ఆ మహాగ్రంథాలయమును ప్రజలు అడిగిన మొదటి వరమిది:

‘తక్కువ పేజీలున్న పుస్తకం.’

నాయిక నొచ్చుకొనలేదు. పేజీల సంఖ్యలు సైతము ఎక్కించిన కంప్యూటరు మాస్టారికి మనసులోనే దండము పెట్టెను. కొంతసేపటికి గుమ్మములో ఒక పొట్టిజడల పిల్ల, ఆమె వెనుక తండ్రి ప్రత్యక్షమైరి. పిల్ల ఆగలేదు, గుసగుసలాడలేదు, ఎవరినీ అడుగలేదు. ఫోను చూచుకొనుచు నేరుగ కిటికీ ప్రక్క అరకు పోయి, తాబేళ్ల గురించిన సన్నని పుస్తకమును లాగి, తెచ్చి బల్లపై పెట్టెను.

“ఇంకొంచెం పెద్దది తీసుకోవచ్చు కదా?” అనెను తండ్రి.

“ముందు ఇది అవనీ నాన్నా,” అనెను పిల్ల.

ఆ గొంతు గది నాలుగు మూలల మారుమ్రోగెను. అలవాటు చొప్పున నాయిక చూపుడువ్రేలు పైకి లేచెను. సగము దారిలో ఆగి, ముద్ర నందుకొని, పుస్తకముపై తేదీ వేసెను.

“ఇది అయ్యాక రా,” అనెను ఆమె. “దీనికన్నా రెండు పేజీలు ఎక్కువున్నది చూపిస్తాను.”

పిల్ల తలయూపి పోయెను. ఆ వారము మరి కొందరు వచ్చిరి. వ్యాయామ మాస్టారికి మెట్లక్రింద చోటు దొరకెను. కాని నేను గానము చేయునది ఆ పిదపటి ముచ్చట్లను గాదు. తండ్రీకూతుళ్ల అడుగుల చప్పుడు వరండాలో దూరమైన పిమ్మట, ఆ వీరవనిత లేచి కిటికీ ప్రక్క అర చెంతకు పోయెను. క్రిక్కిరిసిన పుస్తకముల నడుమ తాబేళ్లు విడిచిపోయిన సందు, చిటికెనవ్రేలు మందమైనను లేదు. ఎన్నేండ్లకో ఏర్పడిన ఆ ఖాళీలో వ్రేలు పెట్టి చూచుకొని, ప్రక్క పుస్తకములు వాలి దానిని పూడ్చివేయకుండ అడ్డముగ ఒక అట్టముక్క నిలిపెను. భేరీలు మ్రోగనిండు! సన్నని పుస్తకమొకటి ఇంటికి పోయినది!