మొదటి గుద్దు మనది కాదు

...అలా కాదు తల్లీ, మడమ దగ్గర్నుంచి మొదలుపెట్టి రాయి. గుద్దుకు బలం ఎలా పెంచాలనే కదా మీ అన్న అడిగింది. బలం మడమలో పుడుతుంది. నడుము తిప్పితే భుజానికెక్కుతుంది. ఊపిరి వదిలితే పిడికిట్లోకి దిగుతుంది. ఇంతవరకు మన ఊరి కరాటే బడిలో అందరికీ వచ్చు. ఆ తర్వాత అది ఎక్కడికి వెళ్లాలన్నదే ఇంకా తేలలేదు.

మన ఊరి గుద్దంటే ఒకినావా దీవి అంతటా గౌరవమే. గుద్దడం సాధన చెయ్యడానికి పెరటికొక గుంజ, గుంజకు చుట్టిన గడ్డితాడు, తెల్లారితే ఊరంతా టకటక. పెళ్లిచూపుల్లో పిల్లవాడి మొహం కంటే ముందు పిడికిలి మీద కాయలు చూపిస్తారు. తోకెషి గురువుగారి గుద్దయితే ప్రాణం తీస్తుంది. అందుకే ఆయన దాన్ని ఎవరి మీదా వాడలేదు. ఎవరి మీదా వాడలేదు కాబట్టి, తీయదని అన్నవాడూ లేడు.

ఈ బలం బలహీనుల కోసమని బడి గోడ మీద రాసి ఉంది. తగిన బలహీనులు దొరక్క చాలాకాలం ఇబ్బంది పడ్డాం. చివరికి నాబే అవ్వ దొరికింది.

అవ్వ సముద్రం వెనక్కి తగ్గినప్పుడు కూర వండుకునే నాచు ఏరుకుని, సంతలో అమ్ముకుని బతికేది. ఆమె నడిచే దారికి అడ్డంగా కొత్త హోటలువాళ్లు చెక్కల కంచె కొట్టారు. చుట్టూ తిరిగి వెళ్లేసరికి నీళ్లు మళ్లీ వచ్చేస్తున్నాయి. అవ్వ బడికొచ్చింది.

"నాయనా తోకెషీ, ఎవర్నీ చంపొద్దులే. ఒక్క చెక్క విరగ్గొట్టు చాలు. బక్కదాన్ని, సందులో దూరిపోతా" అంది.

మర్నాడు అందరం తెల్లబట్టలు కట్టి కంచె ముందు వరసగా నిలబడ్డాం. హోటలు పెద్ద కురోదాగారు వచ్చి నడుము వంచి దండం పెట్టారు. మేమూ వంగాం. ఆయన ఇంకా వంగారు. మర్యాదలో ఓడిపోకూడదని మేం ఇంకా ఇంకా వంగాం. లేచేసరికి కోపం ఎక్కడో జారిపోయింది. అప్పుడు గురువుగారు గంభీరంగా ఉపన్యసించారు.

"మన విద్యలో మొదటి గుద్దు మనది కాదు. ఈ కంచె ఇంతవరకు మన మీద చెయ్యి చేసుకోలేదు. చేసుకున్న రోజున చూద్దాం. అందాకా బలం పెంచుదాం."

అందరం చప్పట్లు కొట్టాం. కురోదాగారు అందరికంటే గట్టిగా కొట్టారు. ఇంత గొప్ప బలం వృథా కాకూడదని, వారం వారం హోటల్లో అతిథుల ముందు చెక్కలు విరగ్గొట్టే ఏర్పాటు చేశారు. చెక్కలూ ఆయనవే, కంచె కట్టగా మిగిలినవి.

మొదటి సాయంత్రం ఫెళఫెళమని చప్పుడైంది. కంచె అవతల్నుంచి అవ్వ బుట్ట పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"విరిగిందా?" అని కేకేసింది.

"విరిగిందవ్వా, లోపలిది" అన్నాడు గేటు దగ్గరివాడు.

ఇప్పుడు అవ్వ ఆ హోటలు వంటింట్లోనే గిన్నెలు తోముతోంది. సముద్రం అక్కణ్నుంచి చక్కగా కనిపిస్తుందట.

ఇది మీ అన్నకు ఫోన్లో చదివి వినిపించు. ఒసాకాలో వాడి పక్కనే పనిచేసేవాణ్ని అన్యాయంగా పనిలోంచి తీసేస్తుంటే, నా బలం ఇంకొంచెం పెరగనీ, అప్పుడు నోరు విప్పుతా అన్నాడటగా. అచ్చం మన ఊరి బిడ్డే అని తాత మురిసిపోయాడని చెప్పు.