పన్నెండు తులాల నిబంధన

మగవాడి మెదడు ఆడదాని మెదడుకన్నా పన్నెండు తులాల బరువు ఎక్కువని 1911లో వేలూరులో ఒక ఉపన్యాసకుడు తేల్చి చెప్పాడు. (తూచినవారందరూ మగవారే.) గుడియాత్తం నేతగాళ్ళ సంఘం అధ్యక్షుడు జయరాములు అది విని రైలెక్కి ఇంటికి వచ్చాడు. వచ్చిన మర్నాడే సంఘం చేత నిబంధన చేయించాడు: "పడుగు దగ్గర ఆడవాళ్ళు దారం పట్టవచ్చును, లెక్క పట్టరాదు. అభ్యంతరం ఉన్న స్త్రీలు రాతమూలకంగా విన్నవించుకోవలెను." (ఆ వీధిలో రాత వచ్చినవాడు ఒక్కడూ లేడు. నిబంధనను కూడా నోటితోనే రాశారు.)

ఇరవై ఏళ్ళుగా గళ్ళ లుంగీ పడుగుకు, అంటే మగ్గం మీది నిలువు పోగులకు, ఏ రంగు తర్వాత ఏ రంగు, ఎన్ని పోగులో జయరాములు భార్య తంగమ్మ చెబుతూ ఉండేది, ఆయన పరిచేవాడు. ఆ గొంతు తన ఆలోచన చేసే చప్పుడని ఆయన నిజంగానే నమ్మాడు.

ఇంతలో వేలూరు వర్తకుడు శంకరలింగం కబురు పంపాడు. నిరుటి గళ్ళే కావాలి, శుక్రవారానికి పడుగు చూపకపోతే పని పక్క వీధికి ఇచ్చేస్తాడట. పన్నెండు మగ్గాల ఇళ్ళలో పొయ్యి వెలగడం దానిమీదే ఉంది.

గురువారం పొద్దున జయరాములు పడుగు ముందు నిలబడి, "నలుపు ఎనిమిది" అన్నాడు. ఆ తర్వాత ఏమీ రాలేదు. నిబంధన తప్పకుండా మరో ముగ్గురు మగ సభ్యుల్నే పిలిపించారు. అదనంగా ముప్పై ఆరు తులాలు చేరాయి. పచ్చ రెండుసార్లు పడింది, ఎరుపు అసలే పడలేదు.

మధ్యాహ్నానికి ఆయనకు భయం వేసింది. సిగ్గు అంతకుముందే వేసింది. అరుగు మీద రాట్నం తిప్పుతున్న తంగమ్మ దగ్గర కూర్చున్నాడు.

"ఏమే, నలుపు తర్వాత ఎరుపెన్ని?"

"నాకేం తెల్సు మామా. నీకు పన్నెండు తులాలు జాస్తి ఉండాదంటివే."

"ఉండాది. యాడుండాదో తెలీలేదు."

తంగమ్మ రాట్నం ఆపి లేచింది. పొద్దు వాలేలోపు పడుగు సిద్ధమైంది.

శుక్రవారం శంకరలింగం చూసి తల ఊపాడు. సంఘం వెంటనే సమావేశమై, అధ్యక్షులవారి బుద్ధిబలం చేత పని నెరవేరినందున నిబంధన రుజువైనదని ఏకగ్రీవంగా తీర్మానించింది. సభ్యుడు అణ్ణామలై ఒక్కడే లేచి, "అన్నా, వచ్చే పడుగుకి ఈ నిబంధన ఉండనిద్దామా, ఎత్తేద్దామా?" అన్నాడు.

జయరాములు గొంతు సవరించుకున్నాడు. ఇలాంటి విషయాల్లో తొందరపడకూడదన్నాడు. బాగా ఆలోచించి చెబుతానని లోపలికి పోయి, తంగమ్మను అడిగాడు.