ఎర్ర గుడ్డ కట్టిన మొక్కలు

రైల్వేలో గార్డుగా రిటైరైన ఆ పెద్దమనిషిని కాలనీలో అందరూ గార్డు గారనే పిలిచేవారు. ఆ ఉదయం ఆయన అనుకున్నది చాలా చిన్న పని. కాఫీ తాగి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మున్సిపాలిటీ ఆఫీసరమ్మకు తోట చూపించాలి. అంతే.

తోటంటే నిన్నమొన్నటి దాకా వీధి చివరి చెత్తకుప్ప. అంతకు ముందు, ఆయన బండి నడిచిన పాత లైను. పట్టాలు పీకేశాక ఊరి చెత్తంతా అక్కడే చేరింది. కాలనీవాళ్లు ఒక జట్టుగా కూడి దాన్ని ఎత్తిపోసి, ఈ నేలలో పుట్టిన మొక్కలే పెంచుతామని ఆఫీసరమ్మకు మాటిచ్చారు. మాట తప్పితే ఆ స్థలం కార్ల పార్కింగుకు పోతుంది.

గార్డు గారి ఆశ వేరు. పెళ్లైన కొత్తలో ఆయన భార్య రైల్వే క్వార్టర్సు ముందు, లైను పక్కన నీలం పూల మధ్య నిలబడి, వెళ్లిపోయే బండికి చెయ్యి ఊపేది. ఆ పూలు ఆమెకు మళ్లీ చూపించాలి. అందుకే నర్సరీలన్నీ గాలించి నీలం పూల మొక్కలు తెచ్చి నాటారు.

ముందురోజు జట్టులోని టైలరమ్మకు పని అప్పగించారు.

"పొద్దున్నే కలుపు తీయించమ్మా. గుడ్డపేలికలు కట్టి గుర్తులు పెడతాను. చూసుకుని తీయండి."

"మీరు గుర్తు పెట్టండి బాబాయిగారూ, మిగతాది నాకొదిలేయండి."

ఆమె ఇచ్చిన ఎర్ర పేలికలను ఆయన తన మొక్కలన్నిటికీ కట్టారు. సర్వీసంతా ఎర్రజెండా పట్టుకున్న మనిషికి ఎరుపంటే ఆగమని అర్థం. ఏళ్ల తరబడి కత్తెర పట్టుకున్న మనిషికి గుర్తంటే అక్కడ కత్తిరించమని అర్థం.

పొద్దున ఆయన వెళ్లేసరికి మొక్కలన్నీ గట్టుమీద కట్టలు కట్టి ఉన్నాయి, పేలికలతో సహా.

"ఎంత పని చేశావమ్మా" అంటూ ఆయన మట్టిలోనే కూలబడ్డారు.

"అదేమిటి, మీరు గుర్తు పెట్టినవన్నీ పీకాం. పెట్టనిది ఒక్కటి ముట్టుకుంటే ఒట్టు."

హడావుడిగా మళ్లీ పాతారు. మొక్కలు తలలు వేలాడేశాయి. టైలరమ్మ పుల్లలు పాతి దారంతో కట్టింది. ప్రాణం లేచొస్తుందని ఎవరో నీళ్ల పైపు పూర్తిగా తిప్పేశారు. పాదులు తెగి, మొక్కలు పుల్లలతో సహా వీధిలోకి ప్రయాణం కట్టాయి. గార్డు గారు ఇస్త్రీ చొక్కాతో వాటి వెంట పరుగెత్తుతుంటే ఆఫీసరమ్మ కారు ఎదురొచ్చింది. అలవాటు కొద్దీ చేతిలోని ఎర్ర పేలిక ఊపారు. కారు ఆగింది.

"ఏం జరుగుతోందండీ ఇక్కడ?"

"అంతా పోయిందమ్మా. కలుపు తప్ప ఏం మిగల్లేదు. మీ పార్కింగు మీరు కట్టుకోండి." అన్నారు గార్డు గారు.

ఆఫీసరమ్మ కొట్టుకుపోతున్న మొక్కనొకదాన్ని తీసి చూసింది. "ఇవి హోటళ్ల ముందు పెట్టే విదేశీ మొక్కలు కదండీ. పీకేసి మంచిపని చేశారు."

ఆయన నోరు తెరిచేలోగా తోటలోంచి భార్య పిలిచింది. మరిచిపోయిన కళ్లజోడు ఇవ్వడానికి వచ్చి, ఆవిడ కలుపు మధ్య నిలబడి ఉంది. ఎండ ఎక్కేసరికి ఆ కలుపంతా నీలంగా విచ్చుకుంది.

"ఏమండీ, ఇవి మన పూలే."

"ఇదా? రోజూ నీళ్లు పోస్తున్నాను, నాకు తెలీదా?"

"మీరు పోసేది సాయంత్రాలు, అప్పటికి ఇవి ముడుచుకుపోతాయి. అయినా కదిలే బండిలోంచి మీకు నీలం చార తప్ప ఆకు ఎక్కడ కనిపించింది? నిలబడి చూసినదాన్ని నేను."

చెత్త కింద ఇన్నేళ్లు పడుకున్న పాత లైను గింజలవి. బండి వెళ్లిపోతోందన్న తొందర లేకుండా, ఆవిడ పక్కన నిలబడి ఆ పూలను చూడడం ఆయనకదే మొదటిసారి. చేతిలోని ఎర్ర పేలికతోనే కళ్లు తుడుచుకున్నారు.

పార్కింగు మాట మళ్లీ రాలేదు. జట్టులో గార్డు గారికి ఇప్పటికీ పెద్దపీటే, గుర్తులు పెట్టే పని మాత్రం ఎవరూ చెప్పరు.