చీమ కుట్టినట్టు ఉంటుంది, అంతే

మనిషి కనిపెట్టిన మత్తుమందుల్లోకెల్లా గొప్పది ఏదో చెప్పుకోండి చూద్దాం. దానికి సూది అక్కర్లేదు, సీసా అక్కర్లేదు, ఫ్రిజ్‌లో దాచే పనిలేదు. ఎక్స్‌పైరీ డేట్ అసలే లేదు. నోటితో అంటే చాలు. "చీమ కుట్టినట్టు ఉంటుంది, అంతే." ఈ ఒక్క మాట!

ఇందులో ఇంకో విశేషం ఉంది. మామూలు మత్తు రోగికి ఎక్కుతుంది. ఇది రోగికి తప్ప మిగతా అందరికీ ఎక్కుతుంది. డాక్టరుకి హాయి, నర్సుకి హాయి, ఇంట్లో మొగుడికి మరీ హాయి. ఇంతమందికి ఒక్క దెబ్బతో నొప్పి తెలియకుండా చేసే మందు ఇంకోటి ఉంటే చూపించండి, నేను రాయడం మానేస్తాను.

ఇంత మంచి మాట మీద ఈమధ్య కొందరు గిట్టనివాళ్ళు నోరు చేసుకుంటున్నారు. దీనికంతటికీ మూలం ఒక డ్రైవింగ్ టీచరమ్మ. ఆవిడ ఏం చేసిందో చెప్తాను, తప్పెవరిదో మీరే తేల్చండి.

ఈ టీచరమ్మ నేర్పే కారులో రెండు బ్రేకులుంటాయి. నేర్చుకునేవాళ్ళ కాలికింద ఒకటి, పక్క సీట్లో ఆవిడ కాలికింద ఒకటి. వాళ్ళు కంగారుపడి కారుని గోడ మీదికి తోలుతుంటే ఆవిడ తన బ్రేకు తొక్కుతుంది. ఏళ్ళ తరబడి అదే పని చేసీ చేసీ ఆవిడ కుడికాలికి సొంత బుద్ధి వచ్చేసింది. టీవీలో ఎవడో కారు గుద్దబోతే ఇక్కడ సోఫాలోంచి ఈవిడ టీపాయ్‌ని తంతుంది. ఆ కాలు సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, దాంతో ముందుముందు పనుంది.

ఆవిడకి ఇద్దరు పిల్లలు. చాలనుకుంది. చిన్నది బడికి వెళ్ళడం మొదలుపెట్టాక, రెండో కానుపప్పుడు పోయిన ఉద్యోగాన్ని నానా తంటాలు పడి మళ్ళీ తెచ్చుకుంది. ఇంకో కానుపంటే ఆ పక్క సీట్లో ఇంకెవరో కూర్చుంటారు, ఈసారి లేవరు కూడా. అందుకని లూప్ వేయించుకుందామనుకుంది. కాపర్ టీ అంటారే, అదే. ఒకసారి లోపల పెడితే ఏళ్ళపాటు బెంగ లేదు, వద్దనుకున్ననాడు తీయించుకోవచ్చు. ఆ నిర్ణయం ఆవిడ ఎప్పుడో తీసేసుకుంది. తెలియనిదల్లా ఒక్కటే. నొప్పి ఎంత? ఆ రోజు పనికి పోవచ్చా, సెలవు పెట్టాలా?

చూశారా, చదువుకున్న ఆడవాళ్ళతో ఇదే చిక్కు. తమ ఒంట్లో ఏం జరగబోతోందో తమకి ముందే చెప్పాలట!

సరే, ముందు మొగుణ్ణి అడిగింది. ఆయన కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాడు. మంచివాడే, పాపం. "చీమ కుట్టినట్టు ఉంటుందటే" అన్నాడు. ఎవరన్నారని అడిగింది. షాపుకొచ్చిన ఒకాయన అన్నాడట, వాళ్ళావిడకి వేశారట. మరి ఆవిడ ఏమందని అడిగింది. ఆవిణ్ణి ఎవరూ అడగలేదట.

తర్వాత అత్తగారిని అడిగింది. "కానుపులే కన్నాం, ఇదో లెక్కా" అని ఆవిడ టీవీ సౌండు పెంచుకుంది. చివరికి వాళ్ళమ్మకి ఫోను చేసింది. వాళ్ళమ్మ ఒకప్పుడు వేయించుకున్న మనిషి. అటునుంచి ఉలుకూ పలుకూ లేకపోతే లైను కట్టయిందేమో అనుకుంది టీచరమ్మ. "ఏమోనే, నాకంత గుర్తులేదు" అంది. ఇంకాస్త ఆగి, "ఏమన్నా తిని వెళ్ళు" అంది. లైను కట్టయిందేమో అనుకుంది టీచరమ్మ.

క్లినిక్‌లో డాక్టరమ్మ కూడా అదే మాట అంది. "ఏం కాదమ్మా, చీమ కుట్టినట్టు ఉంటుంది, అంతే. అలా పడుకుంటే ఇలా అయిపోతుంది." షాపుకొచ్చిన పెద్దమనిషీ, డాక్టరమ్మా ఒకరి మొహం ఒకరు ఎరగరు. అయినా పొల్లు పోకుండా ఒకే మాట అన్నారంటే అందులో నిజం ఉన్నట్టా, లేనట్టా? టీచరమ్మ నమ్మింది. పొద్దున్నే లూప్ వేయించుకుని, మధ్యాహ్నం డ్రైవింగ్ పాఠం పెట్టుకుంది. తోడు రమ్మంటావా అని మొగుడు అడగనైతే అడిగాడు. చీమకి తోడెందుకని ఆవిడే వద్దంది.

గది శుభ్రంగా ఉంది. ఆకుపచ్చ కర్టెను, చిన్న టేబుల్ ఫ్యాను, గోడనిండా నవ్వే చంటిపిల్లల బొమ్మలు. పిల్లలొద్దనుకుని వచ్చినవాళ్ళు పడుకుని చూడటానికి ఎంత చక్కటి ఏర్పాటు! ఆవిడ రెండు కాళ్ళూ పైకి ఆనించి పడుకుంది. ముందు చల్లగా ఏదో తగిలింది. తర్వాత లోపల ఎవరో పట్టకారుతో పట్టుకున్నట్టయింది. ఆ తర్వాత కొలత చూడటానికి సన్నటి కడ్డీ పోనిచ్చారు. అప్పుడొచ్చింది చీమ.

పొత్తికడుపులోంచి నడుములోకి, నడుములోంచి తొడల్లోకి పాకింది. అంత చీమని ఆవిడ జన్మలో చూడలేదు. "ఆపండి" అంది. "అయిపోయిందమ్మా, అయిపోయింది" అంది డాక్టరమ్మ. అవలేదు. అప్పుడు ఆవిడ కుడికాలు తనకి తెలిసిన పని తను చేసింది. ఉన్న బలమంతా పెట్టి బ్రేకు తొక్కింది. బ్రేకు ఉండాల్సిన చోట సామాన్ల ట్రే ఉంది. అది ఎగిరి, గోడకి కొట్టుకుని, గదంతా గణగణలాడుతూ పడింది. నర్సు ఒక్క గెంతు గెంతి కర్టెన్లో చుట్టుకుపోయింది.

"ఇద్దరు పిల్లల్ని కన్న తల్లివి, దీనికే ఇంత గోలా?" అని డాక్టరమ్మ చీవాట్లు పెట్టింది. కింద పడినవి మళ్ళీ వాడకూడదు కదా. శుభ్రమైనవి తెప్పించి, మొదటినుంచీ మళ్ళీ మొదలుపెట్టింది. అంటే టీచరమ్మకి మాత్రం చీమ రెండుసార్లు కుట్టింది. అంత అదృష్టం అందరికీ పట్టదు.

ఇక మధ్యాహ్నం పాఠం. నేర్చుకునేది రిటైరైన లెక్కల మాస్టారు. రివర్స్ గేరు వేస్తే ఆయన ఎటు పోతాడో ఆయనకే తెలీదు. ఆ రోజు మొదటి మలుపు దగ్గర ఎడమకి తిప్పమని చెప్పాల్సిన మనిషి చెప్పలేదు. ఆయన పక్కకి చూశాడు. టీచరమ్మ, మొహమంతా చెమటతో, డోరు హ్యాండిల్ పట్టుకుని ఒంగిపోయి ఉంది.

"ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?"

"ఏం లేదు మాస్టారూ, చీమ కుట్టింది."

బ్రేకు వేసేవాళ్ళు ఇవాళ ఎవరూ లేరని మాస్టారికి అర్థమై, చాలా నెమ్మదిగా, ఎక్కడా గుద్దకుండా ఆవిణ్ణి ఇంటిదాకా తీసుకెళ్ళి దింపాడు. చూడండి, ఈ మాట వల్ల ఆయనకి డ్రైవింగ్ కూడా వచ్చేసింది!

సాయంత్రం మొగుడొచ్చాడు. కడుపు మీద వేడినీళ్ళ సంచి పెట్టుకుని ముడుచుకుపోయిన భార్యని చూసి నొచ్చుకున్నాడు. "అందరూ చీమంతే అన్నారే" అన్నాడు. ఈయన గారే అంతకు కొన్నాళ్ళ ముందు పన్ను పుచ్చి డెంటిస్టు దగ్గరికి వెళ్ళొచ్చాడు. పన్ను నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ ఇచ్చారు. ఆ ఇంజెక్షన్ నొప్పి తెలియకుండా ముందు చిగురుకి జెల్లు రాశారు. నొప్పనిపిస్తే చెయ్యెత్తండి, ఆపేస్తామన్నారు. టీచరమ్మే కారులో తీసుకెళ్ళి, తీసుకొచ్చి, పడుకోబెట్టింది. మర్నాడు కూడా ఆయన మంచం దిగలేదు.

"మీకెవరూ చీమ అని చెప్పలేదేం?" అని అడిగిందావిడ.

"అది పన్ను కదే, నరం ఉంటుంది" అన్నాడాయన.

సైన్సు తెలిసినవాడు. తతిమ్మా ఒంట్లో, అందులోనూ ఆడవాళ్ళ ఒంట్లో, నరాలెందుకుంటాయండీ?

నాలుగు రోజులకి నొప్పి సర్దుకుంది. కొన్నాళ్ళు కాస్త కాస్త రక్తం కనిపించి ఆగింది. లూప్ మీద ఆవిడకి ఏ ఫిర్యాదూ లేదు. బెంగ తీరింది, సీటు నిలిచింది. ఇక్కడితో ఊరుకుంటే నేనూ ఈ సంగతి ఎత్తేవాణ్ణి కాదు. రేపు ఇంకెవరైనా అడిగితే "చీమ కుట్టినట్టే" అని చెప్పడం ఆవిడ ధర్మం. తరతరాలుగా ఆ చీమ అలాగే కదా బతికి బట్టకట్టింది!

చెల్లెలు ఫోను చేసింది. బేకరీలో కౌంటరు చూసుకునే పిల్ల, ఒక బిడ్డ తల్లి. ఇప్పట్లో ఇంకోటి వద్దని తనూ లూప్ వేయించుకుందామనుకుంది. రక్తపరీక్షకే కళ్ళు మూసుకుని ఊరంతా వినపడేలా అరుస్తుంది. "అక్కా, నిజం చెప్పు, నొప్పా?"

నిజం చెప్తే ఇది జడిసి మానేస్తుంది, మానేస్తే నెలనెలా భయపడుతూ చస్తుంది. చెప్పకపోతే ఆ గదిలో తనలాగే ఒంటరిగా పడుకుంటుంది. ఎదురుగా మొగుడు రెండు వేళ్ళతో ఇంతే, ఇంతే అని చీమంత కొలత చూపిస్తున్నాడు. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ ఆవిడకి తను అమ్మకి చేసిన ఫోను గుర్తొచ్చింది. ఆ రోజు లైను కట్టవ్వలేదని, వాళ్ళమ్మకి అంతా గుర్తుందని ఇప్పుడు తెలిసింది.

"నొప్పేనే" అంది. "కొందరికి నిజంగానే కొంచెమేనట, నాకు మాత్రం చాలా వేసింది. నీకెంతో నేను చెప్పలేను. పెట్టేది కాసేపే. కడుపులో మెలిపెడుతుంది, నడుం లాగుతుంది. ఏమైనా తిని వెళ్ళు. ముందుగా ఏ మాత్ర వేసుకోవాలో డాక్టర్ని అడుగు. అక్కడ మొద్దుబారే మందు ఉందేమో అడుగు. ఆ రోజు పని పెట్టుకోకు. తర్వాత జ్వరమొచ్చినా, నొప్పి ఎక్కువైనా మళ్ళీ వెళ్ళాలి. మొదటి నెలల్లో బహిష్టు కాస్త ఎక్కువవుతుంది, కంగారుపడకు."

"అయితే నువ్వు నాతో రా" అంది చెల్లెలు.

వెళ్ళారు. అదే గది, అవే చంటిపిల్లలు. మొద్దుబారే మందు ఇస్తారా అని చెల్లెలు అడిగింది. డాక్టరమ్మ కళ్ళజోడు మీదనుంచి చూసి, "ఎవరు భయపెట్టారమ్మా నిన్ను?" అంది. చూపు టీచరమ్మ కుడికాలి మీద పడగానే ట్రేని అవతలికి జరిపింది. "సరే, కావాలంటే ఇస్తాం" అంది. నర్సు పక్కనున్న సొరుగు లాగి మందు తీసింది.

టీచరమ్మ ఆ సొరుగు వంక చూసింది. తను పడుకున్నప్పుడు తలకి జానెడు దూరంలో ఉన్న సొరుగే.

"ఇది అప్పుడు కూడా ఇక్కడే ఉందా?"

"ఎప్పుడూ ఉంటుందండీ" అంది నర్సు. "ఎవరూ అడగరు."

ఉందని తెలిస్తే కదా అడగడానికి! టీచరమ్మ ఒంట్లో రక్తం మరిగిపోయింది. కానీ చెల్లెలి చెయ్యి తన చేతిలో ఉంది. "చెయ్యెత్తితే ఆపండి" అని మాత్రం అంది. మధ్యలో చెల్లెలు చెయ్యెత్తింది. డాక్టరమ్మ ఆపింది. ఆకాశం ఊడి కింద పడలేదు. ఊపిరి పీల్చుకున్నాక మళ్ళీ మొదలుపెట్టి ముగించింది. కారెక్కాక చెల్లెలు, "నొప్పేసింది అక్కా. కానీ నువ్వు చెప్పినంతే" అంది.

జరిగిన నష్టం చూశారా? ఇప్పుడా క్లినిక్ బెంచీ మీద కూర్చున్న ఆడవాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకుంటున్నారట. సొరుగు తెరవమంటున్నారట. పడుకుని చేతులెత్తుతున్నారట. ఇలాగైతే చీమ ఎన్నాళ్ళు బతుకుతుంది? బాధ్యత గల పౌరుడిగా నేను కోరేది ఒక్కటే. ఆ సొరుగుకి వెంటనే తాళం వెయ్యాలి.

తాళం నేనే స్వయంగా పట్టుకెళ్ళేవాణ్ణి. కానీ రేపు నాకు పన్ను పీకుతున్నారు. డెంటిస్టుకి ముందే గట్టిగా చెప్పి వచ్చాను, మందు ఎంత కావాలంటే అంత ఇమ్మని. నా ముందు మాత్రం చీమ అన్న మాట ఎత్తొద్దన్నాను.